మేనల్లుడి పూచీకత్తు: జువైనల్ బోర్డు నుంచి ఆఫ్టర్ కేర్ దాకా నా అనుభవం

మా తమ్ముడి కొడుకు 2023 వేసవి చివర మోటారు సైకిళ్ల దొంగతనం కేసులో పోలీసులకు దొరికాడు. అప్పటికి వాడికి పదిహేడు నిండలేదు. ఆనాటి నుంచి వాడి కోసం, తర్వాత వాడి చెల్లెలి కోసం, ఆ తర్వాత మాకు ఏ బంధుత్వమూ లేని మరో కుర్రవాడి కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ నేను తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను. పిల్లల పేర్లు, వాళ్ల ఊరి పేరు చెప్పను. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇటువంటి పిల్లలను గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. చట్టం అడ్డు చెప్పకపోయినా నేను రాసేదాన్ని కాదు. కావలికి తూర్పున, సముద్రం వైపున్న ఒక ఊరు అనుకోండి. నేను కావలిలో బట్టలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు.

పిల్లలిద్దరికీ తల్లి చిన్నతనంలోనే పోయింది. మా తమ్ముడు రొయ్యల చెరువుల మీద పని చేసేవాడు. ఒక రాత్రి, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటారుకు వెళ్లే తీగ తడిలో పడి ఉంటే చూసుకోలేదు. షాక్ కొట్టి అక్కడికక్కడే పోయాడు. అప్పటి నుంచి పిల్లలను మా అమ్మే సాకుతోంది. పిల్లవాడు పదో తరగతి పాసయ్యాక చదువు ఆపేసి, తండ్రి పని చేసిన చెరువుల దగ్గరే రాత్రి కాపలాకు కుదిరాడు. రాత్రంతా మేలుకుని ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి, తెల్లవారుజామున మేత చల్లాలి. పగలంతా నిద్ర. ఊళ్లో ఎవరికీ కనిపించేవాడు కాదు. ఇరవై దాటిన ఇద్దరు యువకులతో స్నేహం అక్కడే కలిసింది. వాళ్లు తెచ్చిన బండ్లను చెరువు గట్టున షెడ్డులో దాచడం, ఒకసారి వాళ్లతో పాటు వెళ్లి బండి తీసుకురావడం, వాడి మీద ఉన్న ఆరోపణ ఇది. వాడు చేశాడు. చేయలేదని నేను ఎవరితోనూ వాదించలేదు.

స్టేషన్‌కు వెళ్లేసరికి చీకటి పడింది. ముగ్గురినీ కలిపి మరునాడు మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కాగితాలు రాస్తున్నారు. మావాడి వయసు పద్దెనిమిది దాటిందని రాశారు. కారణం ఆధార్ కార్డు. చిన్నప్పుడు ఊళ్లో ఆధార్ శిబిరం పెట్టినప్పుడు పుట్టిన తేదీ కాగితం లేదని ఎవరో నోటిమాటగా ఒక సంవత్సరం చెప్పారు. జనవరి 1 అని వేసేశారు. మన పల్లెల్లో జనవరి 1న పుట్టినవాళ్లు ఎందరున్నారో చూస్తే ఇది ఎంత మామూలు సంగతో తెలుస్తుంది. ఆ ఒక్క అంకె వల్ల వాడు అసలు వయసు కన్నా ఏడాదిన్నర పెద్దవాడయ్యాడు. అలాగే వదిలేస్తే వాడు వెళ్లవలసింది పెద్దవాళ్ల సబ్‌జైలుకు.

ఏం చేయాలో నాకు తెలియదు. ఊళ్లో సచివాలయంలో మహిళా పోలీసుగా పని చేసే అమ్మాయికి ఫోను చేశాను. ఆమె రెండు మాటలు చెప్పింది. ఒకటి, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయమని. రెండు, పదో తరగతి మార్కుల జాబితా ఎక్కడున్నా వెతికి తెమ్మని. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూడవలసింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి పత్రం. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ ఎక్కడా లేదు. ఆ తర్వాత ఏడాదికి, 2024 అక్టోబరులో, ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌నే ప్రస్తావిస్తూ ఆధార్ వయసుకు రుజువు కాదని చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

మా ఆయన ఆటోలో ఊరికి వెళ్లి, అమ్మ ఇనుప పెట్టెలోంచి మార్కుల జాబితా తీసుకొచ్చారు. ప్రతి స్టేషన్‌లోనూ పిల్లల వ్యవహారాలు చూడటానికి ఒక చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఉండాలి. ఆయన వచ్చి ఆ కాగితం చూశాక మాట తీరు మారింది. మావాణ్ణి లాకప్ గది దగ్గర నుంచి తీసి ముందు గదిలో కూర్చోబెట్టారు. బాలుణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ఇరవై నాలుగు గంటల్లో, పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు పరచాలి. ఇవన్నీ 2015 చట్టంలోనూ, 2016 నియమాల్లోనూ ఉన్నవే. మామూలుగా చిన్న నేరాలకు పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా నమోదు చేయరు, స్టేషన్ డైరీలో రాసి బోర్డుకు నివేదిస్తారు. పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరం కాబట్టి మా విషయంలో ఎఫ్ఐఆర్ తప్పలేదు. అయినా 23వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లతో కలిపి విచారించడానికి వీల్లేదు. వాళ్ల దారి వేరు, మావాడి దారి వేరు.

మరునాటికి ఊరి వాట్సాప్ గ్రూపులో మావాడి ఫోటో తిరుగుతోంది. స్టేషన్ ఆవరణలో ఎవరు తీశారో తెలియదు. దాన్ని చూసి మా అమ్మ రెండు రోజులు గడప దాటలేదు. మహిళా పోలీసు అమ్మాయి గ్రూపు నడిపే అతనికి 74వ సెక్షన్ గురించి చెప్పి తీయించింది. తీసేసేలోపు చూడవలసిన వాళ్లందరూ చూశారు.

బోర్డు గురించి నేను ఊహించుకున్నది ఒకటి, అక్కడ చూసింది మరొకటి. బోనులు, ఎత్తైన వేదిక ఉంటాయనుకున్నాను. అవేవీ లేవు. పిల్లవాడికీ బోర్డుకూ మధ్య అడ్డుకట్టలు ఉండకూడదని, ఎత్తైన పీఠం మీద కూర్చోకూడదని నియమాల్లోనే రాశారు. మేజిస్ట్రేటు గారితో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వారిలో ఒకరు తప్పకుండా మహిళ అయి ఉండాలి. ఆ మేడమ్ మావాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున ఏమైనా తిన్నావా?" అని. అంతవరకూ నోరు విప్పనివాడు అప్పుడు ఏడ్చాడు.

బయట ఒక వ్యక్తి మమ్మల్ని పట్టుకుని, డబ్బు ఇస్తే వెంటనే బెయిలు ఇప్పిస్తానన్నాడు. మా ఆయన నా గాజులు కుదువ పెట్టడానికి కూడా సిద్ధమయ్యారు. ఇలాంటి స్థితిలో ఉన్న ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. పిల్లలకు, ఆడవాళ్లకు న్యాయ సహాయం ఉచితం, ఆదాయంతో పని లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఆ హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ రాస్తే లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మాకు ఇచ్చిన లాయరమ్మ ఒక్క రూపాయి తీసుకోలేదు. పైగా, బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు బెయిలు ఇవ్వడమే మామూలు. ఇస్తే మళ్లీ నేరస్థుల చేతిలో పడతాడనో, ప్రమాదంలో పడతాడనో, న్యాయానికి భంగం కలుగుతుందనో నమ్మడానికి కారణం ఉంటేనే ఆపుతారు.

మావాడి విషయంలో ఆ అనుమానం బోర్డుకు కలిగింది. తల్లిదండ్రులు లేరు, ముసలి నాయనమ్మ, పని చేసేది ఆ చెరువుల దగ్గరే. ఎవరి చేతికి అప్పగించాలి? వాణ్ణి, విచారణ సాగేటప్పుడు పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోంకు పంపించి, ప్రొబేషన్ ఆఫీసరును సామాజిక విచారణ నివేదిక ఇమ్మన్నారు. ఆ నివేదికకు చట్టం ఇచ్చిన గడువు రెండు వారాలు.

ఆ నివేదిక గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మావాడి జీవితం మలుపు తిరిగింది అక్కడే. ప్రొబేషన్ ఆఫీసరు మా ఇంటికి వస్తారని తెలిసి నేను భయపడ్డాను. ఇంకో రకం పోలీసు అనుకున్నాను. నడివయసు మనిషి, చేతిలో ఫారం. మొదట మా అమ్మ దగ్గరికి ఊరు వెళ్లారు, తర్వాత కావలి వచ్చారు. ఆయన దొంగతనం గురించి అడిగింది చాలా తక్కువ. వాడు రాత్రిళ్లు ఎన్ని గంటలు నిద్రపోతాడు, ఇంట్లో పొద్దున వాణ్ణి లేపేది ఎవరు, తండ్రి పోయినప్పుడు వాడు ఎక్కడున్నాడు, శవాన్ని చూశాడా, చెరువు యజమాని నెలకు ఎంత ఇస్తాడు, ఆ డబ్బు వాడు ఏం చేస్తాడు, బడిలో వాడికి ఇష్టమైన మాస్టారు ఎవరు, ఇవీ ప్రశ్నలు. తండ్రి శవాన్ని ఎవరు చూశారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అమ్మను అడిగితే తెలిసింది. తండ్రికి అన్నం తీసుకెళ్లి, పడి ఉన్న మనిషిని మొదట చూసింది వాడే. అప్పటికి వాడికి పన్నెండేళ్లు. ఆ తర్వాత అదే గట్టు మీద రాత్రి కాపలాకు వెళ్లాడు, మేమంతా చూస్తూ ఊరుకున్నాం. వాడి గురించి ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. అడగడం తన ఉద్యోగంలో భాగం కాబట్టి ఒక ప్రభుత్వోద్యోగి అడిగారు.

వాడి బడి ప్రధానోపాధ్యాయుడితో కూడా ఆయన మాట్లాడారు. లెక్కల్లో చురుకైనవాడని, ల్యాబులో కరెంటు పనులు తానే చేసేవాడని ఆయన చెప్పారట. నివేదికలో సిఫారసులు ఇవి: రాత్రి పని మానిపించాలి, చెరువుల దగ్గరికి పంపకూడదు, మేనత్త ఇంట్లో ఉంచాలి, ఐటీఐలో చేర్చాలి, కౌన్సెలింగ్ ఇప్పించాలి. బోర్డు ఆ మాటల మీదే నా పూచీకత్తు తీసుకుని బెయిలు ఇచ్చింది. ఆ బాండు మీద సంతకం పెట్టినప్పుడు నా చేయి వణికింది. వాడు మళ్లీ ఏదైనా చేస్తే జవాబుదారీ నాది.

వాడు హోంలో ఉన్న వారాల గురించి నేను ఎక్కువ చెప్పలేను. చూడనిచ్చిన రోజుల్లో వెళ్లాను. వాడు అక్కడ బాగానే తిన్నాడు, నిద్రపోయాడు. ఒక స్నేహితుణ్ణి సంపాదించుకున్నాడు. ఆ కుర్రవాడి సంగతి తర్వాత చెబుతాను.

బెయిలు మీద వచ్చాక ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేర్పించాను. తండ్రిని కరెంటు తీసుకుపోయింది కదా, ఈ పని వద్దని మా అమ్మ ఏడ్చింది. వాడే, "నాన్న చెరువు దగ్గర తీగకు ఎర్తింగ్ సరిగా లేదు నాయనమ్మా, అది నాకు నేర్చుకోవాలని ఉంది" అన్నాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు.

బోర్డు విచారణ చట్టం చెప్పిన గడువులోనే ముగిసింది. ఆ గడువు నాలుగు నెలలు, అవసరమైతే మరో రెండు నెలలు పొడిగిస్తారు. మూడేళ్ల దాకా శిక్ష ఉన్న చిన్న నేరాలైతే పొడిగించిన గడువులోనూ తేలకపోతే విచారణ దానంతట అదే ముగుస్తుంది. మా విషయంలో 2024 మొదట్లో తుది ఉత్తర్వు వచ్చింది. మందలించి, ఏడాది పాటు నా సంరక్షణలో, ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో ఉండాలని ఆదేశించారు. నెలకోసారి వెళ్లి ఆయనను కలిసేవాడు. హాజరు, మార్కులు చూసేవారు. రాను రాను ఆయనే ఫోను చేసి, "పరీక్ష ఎలా రాశావు?" అని అడిగేవారు.

ఇప్పుడు మా మేనకోడలి విషయం. ఆ అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ప్రొబేషన్ ఆఫీసరు ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఆ పిల్లను చూసి, ఈమె పేరు కూడా, ఆదరణ అవసరమైన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ కమిటీకి పంపాలన్నారు. నాకు గుండె గుభేలుమంది. ఆడపిల్లను ఎక్కడికో పంపేస్తారని భయం. కమిటీలో అధ్యక్షుడితో కలిపి అయిదుగురు ఉంటారు. నెల్లూరులో వారి ముందు హాజరైనప్పుడు ఒక సభ్యుడు, ముసలావిడ ఎన్నాళ్లు చూస్తుంది, హోంలో వేస్తే చదువైనా సాగుతుంది కదా అన్నారు. ఆయన ఆ మాట మంచి మనసుతోనే అన్నారు. అయితే పిల్లను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమే కావాలని చట్టంలో మూడో సెక్షన్ చెబుతుందని లాయరమ్మ నాకు ముందే చెప్పి పంపింది. ఆ మాటే నేను వినయంగా చెప్పాను. అమ్మాయిని అడిగారు. "నాయనమ్మకు రాత్రి మందులు నేనే ఇస్తాను" అంది. నాయనమ్మ దగ్గరే ఉంచుతూ స్పాన్సర్‌షిప్‌కు సిఫారసు చేశారు.

స్పాన్సర్‌షిప్ అంటే పిల్లల కోసం ఉన్న మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేసే సాయం. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, తల్లి వితంతువైన పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బులతో ఉన్న పిల్లలు అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. ఫోస్టర్ కేర్ వేరు. అది రక్తసంబంధం లేని కుటుంబంలో పిల్లలను ఉంచడం. మా దుకాణానికి వచ్చే ఒక టీచరమ్మ, పెళ్లి చేసుకోలేదు, ఈ సంగతులు విని తాను ఒక పిల్లను పెంచవచ్చా అని అడిగింది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల లోపు ఒంటరివాళ్లు కూడా ఫోస్టర్ కేర్‌కు అర్హులని, రెండేళ్లు సాకిన తర్వాత దత్తతకు అడగవచ్చని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో చెప్పారు. ఆమె దరఖాస్తు పెట్టింది.

మాకు కష్టమైంది ఒక్క కాగితం. పిల్లల తల్లి ఇంట్లోనే పోయింది, ఆ మరణాన్ని ఎవరూ నమోదు చేయించలేదు. ఏడాది దాటితే మామూలుగా నమోదు చేయరు. పంచాయతీ నుంచి రికార్డులో లేదన్న పత్రం తీసుకుని, సాక్షుల వాంగ్మూలాలు పెట్టి, పై అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఒక కార్యాలయంలో మా ఫైలు ఎవరి బల్ల మీద ఉందో చెప్పేవారే లేకపోయారు. చచ్చిపోయి పదేళ్లు దాటిన మనిషి చనిపోయిందని రుజువు చేయడానికి మా అమ్మ ఎండలో నిలబడింది. పల్లెల్లో ఉన్నవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, ఇంట్లో ఎవరైనా పోతే ఇరవై ఒక్క రోజుల్లో పంచాయతీలో నమోదు చేయించండి. పిల్లలకు అది ఎప్పుడో ఒకప్పుడు అన్నం పెడుతుంది. మిగతా కాగితాలు, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, పెద్ద ఇబ్బంది లేకుండానే దొరికాయి. డబ్బు ప్రతి నెలా పడదు, కొన్ని నెలలు ఆగి కలిపి పడుతుంది. పడినంతవరకూ అమ్మాయి చదువుకు లోటు లేదు.

మావాడు 2025లో ఐటీఐ పూర్తి చేశాడు. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా ఎంపికయ్యాడు. వాళ్లు పోలీసు ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. స్టేషన్‌కు వెళితే గుమాస్తా, "ఎఫ్ఐఆర్‌లో పేరుంది కదమ్మా, ఉన్నది రాయాలి" అన్నాడు. నేను బోర్డు ఉత్తర్వు నకలు, 24వ సెక్షన్, 74వ సెక్షన్ రెండో భాగం ప్రింటు తీయించుకుని వెళ్లాను. బాలుడిగా ఉండగా చేసిన నేరం వల్ల తర్వాతి జీవితంలో ఏ అనర్హతా రాకూడదు, అప్పీలు గడువు తీరాక ఆ రికార్డును నాశనం చేయాలి అని 24వ సెక్షన్. ముగిసిన కేసుల్లో ప్రవర్తన ధ్రువీకరణ కోసం పోలీసులు ఆ రికార్డును బయటపెట్టకూడదు అని 74. పదహారు నిండి, ఘోర నేరం చేసినట్టు బాలల కోర్టు తేల్చినవాళ్లకు మాత్రం ఈ 24వ సెక్షన్ రక్షణ వర్తించదు. తప్పు కుట్టు పడితే విప్పుతాం, గుడ్డ మీద సూది రంధ్రాలు కొన్నాళ్లు కనిపిస్తాయి, నాలుగు ఉతుకుల్లో అవీ పోతాయి. చట్టం ఈ పిల్లలకు కోరింది అదే. స్టేషన్‌లో పై అధికారి ఆ కాగితాలు చదివారు. కేసు ప్రస్తావన లేకుండా పత్రం ఇచ్చారు. మావాడు ఇప్పుడు ఉద్యోగం నేర్చుకుంటున్నాడు.

ఇక హోంలో కలిసిన స్నేహితుడు. ఆ అబ్బాయికి తల్లిదండ్రులు ఎవరో తెలియదు. చిన్నప్పుడు రైల్వే స్టేషన్‌లో దొరికాడు. అతని కేసు కూడా చిన్నదే, తేలిపోయింది. వెళ్లడానికి ఇల్లు లేదు కాబట్టి ఒక బాలల గృహంలో ఉంచారు. 2025లో అతనికి పద్దెనిమిది నిండాయి. నిండిన మరునాడు మావాడికి ఫోను చేశాడు. చేతిలో ఒక సంచి, ఒక ఫైలు, బస్సు ఖర్చులకు కొంత డబ్బు. "ఎక్కడికి వెళ్లాలో చెప్పరా" అని అడిగాడట. మావాడు మా ఇంటికి రమ్మన్నాడు.

మా పెద్దమ్మాయికి ఇరవై ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. బస్‌పాస్ పోతే నాకు ఫోను చేస్తుంది. జ్వరం వస్తే నా పక్కన పడుకుంటుంది. మన ఇళ్లలో ఎవరమైనా పద్దెనిమిదో పుట్టినరోజున పిల్లవాడి చేతికి సంచి ఇచ్చి, నీ బతుకు నువ్వు చూసుకో అంటామా? అన్నం కలిపి పెట్టాను. తిన్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. రెండు పూటలు కన్నా ఎక్కువ ఉంటే మాకు భారమని అనుకున్నాడు.

చట్టం అతన్ని వదిలేయలేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది. సంస్థల నుంచి బయటికి వచ్చిన పిల్లలకు పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్ కేర్, అంటే తమ కాళ్ల మీద నిలబడేందుకు సాయం, ఇవ్వవచ్చని 46వ సెక్షన్. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. ఆరుగురో ఎనిమిది మందో కలిసి ఉండేలా వసతి, చేతిపని శిక్షణ, ఉద్యోగం వెతకడంలో సాయం, ఇవన్నీ నియమాల్లో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లవాడు బయటికి వచ్చే తేదీకి రెండు నెలల ముందే అతని కోసం ఒక ప్రణాళిక తయారు చేసి బోర్డుకో కమిటీకో పంపాలి. అతని ఫైలులో ఆ కాగితం లేదు. అతని దగ్గర ప్రొబేషన్ ఆఫీసరు ఫోను నంబరు లేదు. ఆఫ్టర్ కేర్ అనే మాట తాను వినలేదన్నాడు. మావాడికి, అతనికి వయసులో తేడా లేదు, చేసిన తప్పులో తేడా లేదు. మావాడి తరఫున సంతకం పెట్టడానికి నేను ఉన్నాను.

నేనూ ఆ అబ్బాయీ కలిసి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాం. అక్కడి లీగల్ కం ప్రొబేషన్ ఆఫీసరు యువతి, ఓపికగా విన్నారు. సంస్థకు ఫోను చేసి, ఉన్న రికార్డు తెప్పించారు. అతనితోనే కూర్చుని ప్రణాళిక రాయించారు. ఏం చేయాలని ఉందని అడిగితే మొదట "ఏదైనా సరే" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఏదైనా సరే అని రాయడానికి గడి లేదు, నీకు ఏం ఇష్టమో చెప్పు అన్నారు. చాలాసేపటికి లారీ మెకానిక్ పని అన్నాడు. కావలి బైపాస్ దగ్గర ఒక వర్క్‌షాపులో చేరాడు. ఆధార్‌లో చిరునామా పాత గృహానిదే ఉంది. అద్దె గది కావాలంటే ఆధార్ అడుగుతారు, ఆధార్ మార్చాలంటే అద్దె కాగితం అడుగుతారు. మా ఇంటి చిరునామా ఇచ్చి ఆ ముడి విప్పాం. బ్యాంకులో మరో ముడి. ఖాతా ఫారంలో తండ్రి పేరు గడి దగ్గర అతను పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. చాలాసేపు ఆగాడు. కమిటీ ఉత్తర్వు చూపించి సంరక్షకుల వివరం రాయించాం. ఆఫ్టర్ కేర్ సొమ్ము మంజూరైంది. మొదటి విడత రావడానికి కొంత కాలం పట్టింది. ఈలోగా మేస్త్రీ ఇచ్చే రోజు కూలీతో, మా ఇంటి భోజనంతో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు మరో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాడు. ఆదివారాలు మా ఇంట్లోనే. నన్ను మావాడిలాగే "అత్తా" అని పిలుస్తాడు.

పోయిన నెలలో ఒక సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇచ్చాను. అందులో రెండు విషయాలు అడిగాను. జిల్లాలోని బాలల గృహాల్లో పదిహేడున్నర నిండిన ప్రతి బిడ్డ జాబితా బాలల సంరక్షణ విభాగం దగ్గర ఉండాలి, రెండు నెలల ముందు ప్రణాళిక తయారైందో లేదో ఆ జాబితాలోనే రాయాలి. రెండోది, బయటికి వచ్చే పిల్లవాడి చేతికి ఇచ్చే ఫైలులో బదిలీ పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకంతో పాటు ఒక మనిషి పేరు, ఫోను నంబరు ఉండాలి. రసీదు ఇచ్చారు. అర్జీ ఏ అధికారికి వెళ్లిందో ఫోనుకు సందేశం వచ్చింది. వచ్చే సోమవారం మళ్లీ వెళుతున్నాను. ఈసారి నాతో ఆ అబ్బాయి కూడా వస్తానన్నాడు, తన మాటలు తానే చెబుతాడట.